జమాదారు నమ్మని కేక

ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత ఎవరూ నా గల్లా పట్టుకోకుండా. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను. ఇంట్లో ఎలుక కనబడితే, అది పిల్లిని నోట కరుచుకుని పోయిందని నలుగురికి చెప్పేదాకా నాకు అన్నం సహించదు. నా భార్య నా మాటలన్నిటినీ నాలుగుతో భాగించి వింటుంది. మీరు మూడుతో భాగిస్తే చాలు. రాసేటప్పుడు కాస్త సిగ్గు పడతాను.

మొన్న స్నానాల గదిలో జారి పడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాను. అది పుట్టుకతోనే ఎదగని కాలు. దవాఖానలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసి, "ఇక్కడ రెండు పాత అతుకులు కూడా ఉన్నాయే! చిన్నప్పుడు బాగా అల్లరి చేసేవారా?" అన్నాడు. "ఇప్పుడేమన్న తగ్గిండా?" అంది నా భార్య. నేను నవ్వి ఊరుకున్నాను. పిండికట్టు వేస్తుంటే ముక్కు ఎగబీల్చి చూశాను. తడి సున్నం వాసన తప్ప ఏమీ రాలేదు. కాలికి కట్టు కడితే కోడిగుడ్డు నీచు వాసన రావాలి. రాకపోతే నాకది కట్టు అనిపించదు. మంచం మీద పడి ఉన్నాను కాబట్టి ఆ వాసన సంగతి రాస్తాను.

నా ఎడమ కాలు కుడి కాలికంటే నాలుగు వేళ్లు కురచ, లావులో సగం. ఊళ్లో పిల్లలు నన్ను 'పావుశేరు' అని పిలిచేవారు. వాళ్ల అమ్మలూ అలాగే పిలిచేవారు. మా నాయినమ్మకు మాత్రం నా కాలు గురించి ఒక పురాణమే ఉండేది.

"కుడి కాలు చేసేటాల్లకు దేవునికి పొద్దుగూకిందిరా. ఎడమ కాలు చీకట్ల తడుముకుంట చేసిండు. నీ తప్పేం లేదు, పిసినారి దేవుడు, దీపం పెట్టుకోలే."

ఆ రోజుల్లో మా ఊరి దొర గడీలో పోలీసుల క్యాంపు ఉండేది. దొర మీద తిరగబడి అడవిలో చేరినవాళ్ల కోసం వెతుకులాట. ఎవరి ఇంట్లో ఎన్ని శేర్ల జొన్నలు దంచుతున్నారో, ఎన్ని విస్తళ్లు లేస్తున్నాయో కూడా క్యాంపు జమాదారుకు తెలియాలి. బయటి ఊరివాడు మా ఊళ్లో అడుగు పెట్టాలంటే అతని చేతి చిట్టీ ఉండాలి. పెద్దవాళ్లకు ఇదంతా ప్రాణసంకటం. పిల్లలకు మాత్రం బడి మూతబడిన సెలవులు. ఆ సెలవుల్లో గడ్డివాము మీది నుంచి దూకే పందెం పెట్టుకున్నాం.

"పావుశేరు దూకడురా, సగం దారిల ఆగిపోతడు" అన్నాడొకడు.

ఆ మాటతో దూకాను. ఆ గడ్డివాము జనగామ స్టేషన్లోని నీళ్ల ట్యాంకు అంత ఎత్తు ఉండేది. కింద పడేలోపు నాకు రెండుసార్లు ఆకలి వేసింది. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. పిల్లలందరూ పారిపోయారు. ఒక్కడు మాత్రం వెనక్కి వచ్చాడు. నన్ను లేపడానికేమో అనుకున్నాను. నా జేబులోంచి రాలిన తునికి పండ్లు ఏరుకుని, "నువ్వు ఇగ తినవు గదా" అని అడిగి మరీ పోయాడు.

వాగు అవతలి ఊరి నుంచి కట్లాయనను పిలిపించారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు కాబట్టి ఆయన అందరికీ కట్లాయన. ఆయన అరచేయి చేటంత, వేళ్లు అరటిపండ్లంత. బాపు, అంటే మా నాన్న, గడీకి పోయి బతిమాలితే, ఎనిమిది రోజులకొకసారి వచ్చి పోయేలా జమాదారు చిట్టీ రాసిచ్చాడు.

కట్లాయన పని తీరు ఇది. విరిగిన కాలు జోలికి ముందు పోడు. మంచి కాలును మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచి ముడి వేస్తాడు. విరిగిన కాలు ఆ ముడి దాకా వచ్చేవరకు గుంజుతాడు. ఎముకలు ఎదురెదురుగా కూర్చున్నాక మినప్పిండి, గుడ్డు తెల్లసొన కలిపి పట్టించి, పాత ధోవతి చుట్టి, వెదురు బద్దలు బిగిస్తాడు.

ఆయన నా కుడి కాలు కొలిచాడు. దారం ఎడమ కాలు మీద పెట్టాడు. నాలుగు వేళ్లు తక్కువ. "అబ్బో, బొక్క మీద బొక్క ఎక్కింది" అన్నాడు. విరిగిన ఎముక మీద ఎముక ఎక్కి కాలు కురచైందని ఆయన లెక్క. నా పాదానికి తాడు కట్టి, దూలం మీదుగా వేసి, అవతలి కొసకు తిరుగలి రాయి వేలాడదీశాడు. పగలంతా గుంజాడు. ఆ పూట నేను పెట్టిన కేకలకు వాగులో చేపలు ఒడ్డుకొచ్చి పడ్డాయి. సాయంత్రం చేను నుంచి వచ్చిన నాయినమ్మ గడపలోనే నెత్తి కొట్టుకుంది.

"ఓరి నీ చేతులిరగ! వాడు పుట్టుడే గట్ల పుట్టిండు గదరా! ఎంతని గుంజుతవు?"

కట్లాయన బిత్తరపోయి బాపు వైపు చూశాడు. "ముందుగాల చెప్పద్దా పటేలా?"

బాపు నేల చూపులు చూస్తూ గొణిగాడు. "ఎట్లనూ గుంజుతనే ఉన్నవు గదా. రెండూ సమానమైతే అయితయేమో అని ఊకున్న."

అదీ మా బాపు ఆశ. రాయి దించాక కట్లాయన చాలాసేపు నా కాలును చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. "జత లేని కాలు ఇది. దీనికి కొలత ఏడికెళ్లి తేవాలె?" అని తనలో తాను అనుకుంటూ అందాజుగా అతికించి కట్టాడు. నలభై రోజులు మంచం దిగొద్దన్నాడు.

ఎండాకాలం. రెండో రోజుకే కట్టు వాసన పట్టింది. మొదట చీమలు వచ్చాయి, తర్వాత ఊరకుక్కలు. నలభై రెండు కుక్కలు మా వాకిట్లో వరుసగా కూర్చుని, నా కాలు ఎప్పుడు వడ్డిస్తారా అని చూసేవి. కట్టులోపల దురద పెడితే చీపురు పుల్ల దూర్చి గోక్కునేవాణ్ణి. లోపలే విరిగిపోయిన పుల్లలన్నీ కలిపితే ఇంకో చీపురయ్యేది. అయితే ఒక్క వైభోగం ఉండేది. తెల్లసొన కాలికి, పచ్చసొన నోటికి. పచ్చిమిరపకాయలు నూరి వేసి అవ్వ, అంటే మా అమ్మ, పచ్చసొన పొరటు చేసి జొన్న గట్క మీద పెట్టేది. కురచ కాలు పుణ్యమా అని ఊరి మొత్తంలో రోజూ గుడ్డు తినే మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ వైభోగానికి మామ అడ్డు వచ్చాడు.

మామ మా అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. గంగారం వైపు అడవుల్లో దళంతో తిరిగేవాడు. నా కట్టుకు ఇరవై రెండు రోజులైన నాడు, మిట్టమధ్యాహ్నం, ఆముదపు కట్టెల బండి ఒకటి మా వాకిట్లో ఆగింది. కట్టెల కింద మామ. తూటా తగిలి కుడి కాలు మోకాలి కింద విరిగి ఉంది. పశువుల కొట్టంలో జొన్నలు దాచే పాతర, అంటే భూమిలో తవ్విన గొయ్యి, అప్పటికి ఖాళీగా ఉంది. అందులో గడ్డి పరిచి మామను దించి, పైన పలక వేసి, పలక మీద పేడ అలికారు. గాలి కోసం ఒక మూల వెదురు గొట్టం.

ఎనిమిది రోజులకొకసారి నా కోసం వచ్చే కట్లాయన నా దగ్గర కాసేపు, పాతరలో చాలాసేపు ఉండేవాడు. నా గుడ్లలో సగం అటు పోయేవి. పచ్చసొన కూడా.

కడుపు మండి ఒకరోజు కొట్టంలోకి డేక్కుంటూ పోయి, ఆ వెదురు గొట్టంలో గుప్పెడు ఎర్రచీమలు పోశాను. మామ అరవలేడని నాకు తెలుసు. తెలిసే పోశాను. లోపలి నుంచి చప్పుడు లేదు. మర్నాడు పలక జరిపినప్పుడు మామ ముఖం బూరెలా ఉబ్బి ఉంది.

"అల్లుడా, చీమలను పంపినవు సరే, చక్కెర మరిచిపోయినవేందిరా?" అన్నాడు.

తర్వాత నా కట్టు వైపు చూసి, నవ్వకుండా, "ఎన్ని దినాలకు అతుకుతదట నీ కాలు?" అని అడిగాడు.

"నలభై."

"జర నెమ్మదిగ అతికించుకోరాదు?"

అదే అసలు చిక్కు. నాకు నలభై రోజులు నిండేసరికి మామకు పద్దెనిమిదే. అతని గాయం చీము పట్టింది. ఎనిమిది రోజులకొకసారి విప్పి, వేపాకు నీళ్లతో కడిగి మళ్లీ కట్టకపోతే కాలు కుళ్లుతుంది, జ్వరం నెత్తికెక్కుతుంది, నెత్తికెక్కితే మనిషి అరుస్తాడు. అరిస్తే గడీకి వినబడుతుంది. పక్క ఊళ్లో ఇలాగే దొరికితే ఇల్లు తగలబెట్టి, ఇంటాయనను వాకిట్లోనే కాల్చారు. కట్లాయన రావాలంటే చిట్టీ కావాలి. చిట్టీ ఉండాలంటే నా కాలు విరిగి ఉండాలి.

ఉత్త కట్టు కడితే సరిపోదా అంటారేమో. జమాదారు అంత అమాయకుడు కాదు. కట్టు కింద తూటా గాయాలు దాస్తున్నారని వాళ్లకు తెలుసు. నలభయ్యో రోజున తానే వచ్చి కట్టు విప్పించి, బొక్క నొక్కి చూస్తానని చెప్పాడు. నొక్కితే నేను అరవాలి. అంతే నా పని.

ఆలోచించండి. పుట్టినప్పటి నుంచి గోరంతను కొండంత చేసినవాణ్ణి. ఇంటిల్లిపాదీ నన్ను నమ్ముకుంది. నాయినమ్మ మూడు రోజులు తాలీము ఇచ్చింది.

"గొంతుల నుంచి కాదురా సన్నాసీ, కడుపుల నుంచి రావాలె. నీ తాత సచ్చిన్నాడు నేను ఏడ్వలేదా, గట్ల."

"నువ్వు ఆనాడు ఏడ్వనే లేదటగా, బాపు చెప్పిండు."

"వంకర బుద్ధి! ఏడ్వనప్పుడు గింత గొప్పగ నేర్పుతున్ననంటే, ఏడిస్తె ఎట్లుండునో ఎరుక చేస్కో."

జమాదారు వచ్చాడు. నవారు మంచం మీద నన్ను కూర్చోబెట్టారు. కట్లాయన కట్టు విప్పాడు. బాపు గోడకు ఆనుకున్నాడు, అవ్వ వాకిలి పట్టుకుని నిలబడింది. జమాదారు బీడీ పారేసి వంగాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, కడుపులోంచి, ఏడు ఊళ్లు దద్దరిల్లేలా కేక వేశాను.

ఒక కన్ను తెరిచి చూశాను. జమాదారు చేయి నా కాలికి జానెడు ఎడంగా గాల్లో ఆగి ఉంది.

"ముట్టనే లేదు గదరా, బేటా" అన్నాడు మెల్లగా.

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఈసారి నిజంగానే నొక్కాడు. అరిచాను. మళ్లీ నొక్కాడు. ఇంకా గట్టిగా అరిచాను. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాను. ఎవరో పళ్లు కొరికిన చప్పుడు వినబడి కళ్లు తెరిచేసరికి, జమాదారు చేతిలో ఉన్నది నా కుడి కాలు.

"ఇది గూడ ఇరిగిందా?" అన్నాడు. వెంట వచ్చిన పోలీసులు పడీ పడీ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే కట్లాయన చిట్టీ అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "అతికింది గదా, ఇగ నీకేం పని? పొద్దుగూకే లోపల ఊరు దాటాలె. మళ్ల కనబడితే నీ బొక్కలు ఎవడు కడతడో చూస్త."

వాళ్లు పోయాక ఎవరూ నన్ను తిట్టలేదు. అది తిట్టడం కంటే ఘోరంగా ఉంది. పెద్దవాళ్లు కొట్టంలో చేరి మాట్లాడుకున్నారు. తడిక ఇవతల మంచం మీద నాకు అన్నీ వినబడ్డాయి.

"పిలగాడు మళ్ల పడ్డడంటె చిట్టీ ఇస్తడు" అన్నాడు కట్లాయన.

"పడకపోతే?" అన్నాడు బాపు.

ఎద్దు నెమరు వేస్తున్న చప్పుడు. తర్వాత నాయినమ్మ గొంతు.

"ఆ కాలు ఎట్లనూ ఎవ్వరి అక్కరకు రాంది. ఒక్కసారి ఇరిగిందే."

కాసేపటికి కట్లాయన బయటకు వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. సంచిలోంచి దారం తీశాడు. నా ఎడమ కాలును మోకాలి నుంచి మడమ దాకా నిదానంగా కొలిచి ముడి వేశాడు. దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అతికింది గదా, ఇంకెందుకు కొలుచుడు?" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. "జత లేని కాలు గదా బిడ్డా. సక్కగున్నప్పుడే కొలిచి పెట్టుకోవాలె."

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ బాపుతో అంటున్నాడు. "పాత అతుకు మీద వద్దు, అది నేను కట్టింది, లోకం మునిగినా ఇరగది. దానికి రెండు వేళ్లు పైన. కింద రెండు ఇటుకలు. ఒక్కటే దెబ్బ. రెండోది పడితె నేనేం చెయ్యలేను."

తొమ్మిదేళ్ల వాడికైనా అర్థమయ్యే మాటలే.

మర్నాడు పొద్దున అవ్వను నర్మెట్ట వారపు అంగడికి పంపించారు, ఆముదాల గంప నెత్తిన పెట్టి. ఆమె గడప దాటాక బాపు నాకు నువ్వుల ముద్ద ఇచ్చాడు. నేను అది నములుతుండగా ఇటుకలు తెచ్చాడు. నా నోట్లో గుడ్డ కుక్కి, భుజాలు నాయినమ్మ పట్టుకుంది. బాపు రోకలి ఎత్తాడు. ఒక్కటే దెబ్బ. ఆ చప్పుడుకు గార్ల దాకా కొంగలు లేచాయి, రైలు ఆగి డ్రైవరు దిగి చక్రాలు చూసుకున్నాడు.

గంటలో జమాదారు వచ్చాడు. నొక్కాడు. నేను అరిచింది నాకే వినబడలేదు. అతను చేయి తీసేసి, "ఆఁ, ఇది అసలుది" అన్నాడు, మంచి దినుసు దొరికిన వ్యాపారిలా. నా చెంప తట్టి, నలభై రోజులకు చిట్టీ రాసిచ్చాడు.

సాయంత్రం అంగడి నుంచి వచ్చిన అవ్వ గంప ఎత్తేసి కొట్టింది. బాపును, నాయినమ్మను, పాతరలో ఉన్న తమ్ముణ్ణి కూడా తిట్టిపోసింది. "నా కొడుకు కాలు మీకు కట్టెపుల్లనా?" అని మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఆమె ఏడుపు మానుకోట దాకా వినబడిందంటారు.

దారం కొలతతో కట్లాయన కట్టాడు. మామ గాయం ఎండింది. నలభై రోజులకు కర్ర పట్టుకుని, యాభై రోజులకు కర్ర లేకుండా నడిచాడు. పోయే రోజు నా కట్టు మీద చేయి పెట్టి, ఏదో అనబోయి అనలేకపోయాడు. జోకులు వేసే మనిషి మాట లేక నిలబడితే చూడబుద్ధి కాలేదు. మొహం తిప్పుకున్నాను. ఆ తర్వాత మాట్లాడే వీలు రాలేదు.

నెల తిరక్కముందే వాగు దగ్గర కాల్పులు జరిగాయి. ముగ్గురిని బండి మీద తెచ్చి గడీ ముందు పడుకోబెట్టారు. ఎవరైనా గుర్తుపడితే ఆ ఇల్లు తెలుస్తుందని మా ఊరినీ, వాగు అవతలి ఊరినీ వరుసగా నడిపించారు. మధ్యలో ఉన్నది మామ. బాపు నన్ను భుజాన ఎక్కించుకుని ఉన్నాడు, ముందు అవ్వ.

"ఎరుకనా?" అన్నాడు జమాదారు.

అవ్వ వంగి, ముఖం మీది ఈగలు తోలి, నిమ్మళంగా చూసింది. "ఎవరి పిల్లగాడో అయ్యా, తెల్వది" అంది. నడిచి పోయింది. నడకలో ఒక్క అడుగు కూడా తప్పలేదు.

మా వెనక కట్లాయన ఉన్నాడు. ఆయన చూసింది ముఖం కాదు. బాపు చెవిలో మెల్లగా అన్నాడు. "కాలు చూసినవా పటేలా? నూలుపోగంత వంకర లేదు."

ఇక లెక్కలు సరిచేస్తాను. గడ్డివాము నిలువెత్తు మనిషంత, అంతే. కుక్కలు మూడు, అందులో ఒకటి మాదే. కొంగలు లేవలేదు, రైలు ఆగలేదు. ఇవన్నీ పెంచినవి. పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒక్కటే.

ఆ రోజు అంగడి లేదు. అవ్వ ఎక్కడికీ పోలేదు.

రోకలి ముందు బాపే ఎత్తాడు. రెండుసార్లు ఎత్తి రెండుసార్లు దించాడు. "రెండో దెబ్బ పడితే కాలు పోతది" అని అవ్వ అతని చేతిలోంచి రోకలి తీసుకుంది. రోజూ జొన్నలు దంచే చేయి, గురి తప్పదు. నన్ను చూడలేదు, రెండు వేళ్లు పెట్టి చోటు కొలుచుకుంది. ఒక్కటే దెబ్బ. బాపు బయటికి పోయి వాంతి చేసుకున్నాడు. ఆమె రోకలి మూలకు పెట్టి, పొయ్యి వెలిగించి అన్నం వండింది. ఎవరినీ తిట్టలేదు. తిట్లన్నీ నావి.

అంగడి మాట మొదట పుట్టింది ఆ మరుసటి ఏడు. రోజులు మారి, భయం తగ్గి, విషయం అందరికీ తెలిశాక, వాడకట్టు ఆడవాళ్లు మా అరుగు మీద కూర్చున్నారు. "కన్న పిల్లగాని కాలు ఇరగ్గొడుతుంటే తల్లి ఎట్ల చూసిందమ్మా?" అందొకామె, నన్నే అడిగినట్టు, అవ్వకు వినబడేట్టు. అవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

"మా అవ్వ ఏడుంది? అంగడికి పంపిచ్చిండ్రు గదా!" అన్నాను. అక్కడితో ఆగలేదు. గంప ఎత్తేసిందన్నాను, మూడు రోజులు పస్తున్నామన్నాను. చెబుతున్నకొద్దీ పెంచాను. ఈసారి అందరూ నమ్మారు.

ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లు, పెళ్లిళ్లలో, తద్దినాల్లో, ఎవరు నా కాలు గురించి అడిగినా ఈ కథే చెప్పేవాణ్ణి. అవ్వ ఏదో ఒక మూల కూర్చుని వినేది. అంగడి దగ్గరికి వచ్చేసరికి నేను ఆగి ఆమె వైపు చూసేవాణ్ణి.

"ఔ బిడ్డా" అనేది, అందరికీ వినబడేట్టు. "ఆనాడు నేను ఇంటికాడ లేను."